మజ్జిగ తాగని ఆదివారం

ఇది ఒక మహాగాథ. ఇందులో ఒక వీరుడున్నాడు. కోటగోడలున్న కొండ ఉంది, మంచు కప్పిన దారి ఉంది. ఆ దారి పక్కన తెల్లచీర కట్టుకుని, కబురు కోసం కాచుకున్న ముసలామె ఉంది. చనిపోయాడని ఊరంతా నమ్మిన మనిషి ఉన్నాడు. వీటన్నిటి మధ్య ఆ వీరుడు ఒక యేడాది పొడుగునా పరిగెత్తుతూనే ఉంటాడు.

ఇది విని సర్దుకుని కూర్చున్నవాళ్లు మళ్లీ మామూలుగా కూర్చోవచ్చు. ఆ వీరుణ్ణి నేనే. యేడాది పొడుగునా అంటే ఆదివారాలు మాత్రమే. మిగతా రోజుల్లో హిందూపురంలో ఒక విత్తనాల అంగట్లో స్టూలు మీద కూర్చుని, వేరుశనగ మూటల మధ్య ఈగలు తోలేవాణ్ణి. ఇక కొండ అంటారా, అది పెనుకొండ. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. ఈ కథ కోసం అది ప్రత్యేకంగా చేసిందేమీ లేదు.

పరుగు వెనక పెద్ద ఆశయం కూడా లేదు. బూట్లు మిగిలిపోయాయి, అంతే. పోలీసు సెలక్షన్లకు పోదామని కాన్వాసు బూట్లు కొన్నాను. పరుగుపందెం దాకా పోనివ్వకుండానే, ఛాతీ కొలిచే టేపు దగ్గర నన్ను ఆపేశారు. ఊపిరి పీల్చి బిగబట్టమన్నారు. బిగబట్టాను. టేపు పట్టుకున్నాయన కాసేపు చూసి, "పీల్చవయ్యా" అన్నాడు. పీల్చే ఉన్నానని చెప్పడానికి ఊపిరి వదలాల్సి వచ్చింది. అక్కడితో నా పోలీసు ఉద్యోగం అయిపోయింది.

ఇంటికొచ్చాక నాయన బూట్లను తిప్పి తిప్పి చూశాడు. మట్టి కూడా అంటలేదు.

"వీటిని ఏం జేస్తావు ఇంగ?"

రోషం వచ్చింది. "పరిగెత్తుతా. యేడాది పొడుగునా, ప్రతి ఆదివారం. పెనుకొండ రోడ్డున పోతా. వారం వారం దూరం పెంచుకుంటా పోయి, కడాకు పెనుకొండ నుంచి ధర్మవరం దాకా ఒక్కబిగిన పరిగెత్తుతా."

నాయన బూట్లు కింద పెట్టాడు. "ధర్మవరానికి రైలుండాది గదరా" అన్నాడు.

ఆ మాటతో ఆగిపోయి ఉంటే ఇది రాసే పని తప్పేది.

చలికాలంలో మొదలుపెట్టాను. తెల్లవారే ముందు హిందూపురం వదిలేవాణ్ణి. ఊరు దాటాక లైట్లు ఉండవు. రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు. వాటి కింద చీకటి ఇంకా లేవకుండా పడుకునే ఉండేది. మంచు నేలమీద నుంచి మోకాళ్ల దాకా లేచి, అక్కడే నిలబడిపోయేది. నా కాళ్లు నాకే కనిపించేవి కావు. చప్పుడు మాత్రం వినిపించేది.

ఆ చప్పుడుతోనే మొదటి చిక్కు వచ్చింది. నా అడుగుల వెనకే ఇంకో చప్పుడు వచ్చేది. సన్నగా, ఇనుము ఇనుమును తాకినట్టు. నేను ఆగితే ఆగేది. పరిగెత్తితే వెంబడించేది. ఒక ఆదివారం భయంతో ఎంత వేగంగా పరిగెత్తానంటే, ఆ టేపు పట్టుకున్నాయన చూసి ఉంటే క్షమాపణ చెప్పేవాడు. ఇల్లు చేరాక తెలిసింది, నిక్కరు జేబులో మా ఇంటి తాళంచెవుల గుత్తి ఉంది.

కాబట్టి దయ్యాల విషయంలో నా మాట నమ్మొచ్చు. ఒకదాన్ని ఇంటిదాకా తీసుకొచ్చి జేబులోంచి బయటికి తీసినవాణ్ణి.

దూరం పెరిగి పల్లెల్లోకి చేరాక రెండో చిక్కు. ఒక పల్లెలో బర్రెను విప్పుతున్న మనిషి నన్ను చూసి, పలుపు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎవురప్పా పోయింది?" అన్నాడు.

"ఎవరూ పోలేదన్నా. నేనే పోతాండా."

ఆయనకు నవ్వు రాలేదు. మా వైపు పల్లెల్లో ఫోన్లు లేని కాలంలో ఎవరైనా చనిపోతే, చుట్టాల ఊళ్లకు ఒక మనిషిని పరిగెత్తించేవాళ్లు. తెల్లవారకముందే, భుజాన టవలు వేసుకుని, దమ్ము తీసుకోకుండా వచ్చే మనిషి అంటే చావు కబురు అని అర్థం. ఫోన్లు వచ్చినా ఆ భయం మనుషుల కళ్లలోంచి పోలేదు. వ్యాయామం కోసం పరిగెత్తేవాణ్ణి వాళ్లు అంతవరకూ చూడలేదు. నా భుజాన టవలు కూడా ఉంది. చెమట తుడుచుకోవడానికి.

తర్వాతి వారం టవలు మానేశాను. చొక్కాతో తుడుచుకున్నాను. అయినా అదే ప్రశ్న.

ఇక ఆ ముసలామె. హిందూపురానికీ పెనుకొండకూ మధ్య ఒక పల్లె ఉంది. పేరు చెప్పను, వాళ్లకు ఇప్పటికే నా వల్ల కావాల్సినంత ఇబ్బంది అయింది. ఆ పల్లె మొదట్లో, రోడ్డు కింద వాననీళ్లు పోయే ఒక మోరీ, దాన్ని ఆనుకుని ఒక ఇల్లు. మొదటిసారి అంతదూరం వెళ్లిన పొద్దున, మంచులో మోరీ పక్కన తెల్లగా ఏదో కనిపించింది. కిలోమీటరు రాయి అనుకున్నాను. దగ్గరికి పోయేసరికి కిలోమీటరు రాయి లేచి నిలబడింది.

"ఆగు నాయనా."

ఆగాను. ధైర్యం వల్ల అని రాసుకోవచ్చు గానీ, కాళ్లు పనిచేయలేదు.

"కబురేమన్నా తెచ్చినావా?"

"ఏం కబురవ్వా?"

"మా చిన్నోడిది. బెంగుళూరికి పోతాండానని పోయినాడు. సంవత్సరం దాటె. ఉన్నాడో లేడో తెలీదు."

"నాకేం తెలీదవ్వా. నేను కబురు తెచ్చినోణ్ణి కాదు. ఊరికే పరిగెత్తుతాండా."

"ఊరికే ఎవురన్నా పరిగెత్తుతారా?"

టవలు లేని నా భుజం చూపించాను.

అవ్వ ఇంట్లోకి పోయి ఒక చెంబుతో మజ్జిగ తెచ్చింది. నా ముందుకు చాచింది. తీసుకుని తాగాను. తాగుతున్నంతసేపూ ఆమె నా మొహంవైపు చూడలేదు. గొంతువైపు చూసింది. గుక్క దిగిన ప్రతిసారీ ఆమె కళ్లు కూడా దానితోపాటే కిందికి దిగేవి. చెంబు ఖాళీ అయ్యాక ఊపిరి వదిలి, "పోయిరా నాయనా" అంది. ఎవరైనా నా గొంతును అంత శ్రద్ధగా చూడటం డాక్టరు దగ్గర తప్ప అదే మొదలు.

ఆ వారం నుంచి ప్రతి ఆదివారమూ అంతే. మంచులోంచి తెల్లచీర లేచేది. కబురుందా అని అడిగేది. లేదవ్వా అనేవాణ్ణి. చెంబు వచ్చేది. తాగేవాణ్ణి. గొంతు చూసేది. కొడుకును తలుచుకుని నా మీద ప్రేమ పెంచుకుందని అనుకున్నాను. మజ్జిగ పుల్లగా ఉండేది, ప్రేమ కాబట్టి ఏమీ అనలేదు.

ఎండాకాలం వచ్చింది. మంచు పోయింది గానీ భయం పోలేదు. ఇంకా పెరిగింది. నేను ఆ పల్లెలోకి అడుగుపెట్టగానే తలుపులు మూసుకునేవి. ఒకటి తర్వాత ఒకటి, నా అడుగులకు తాళం వేసినట్టు. వాకిట్లో కల్లాపి చల్లుతున్న ఆడవాళ్లు బకెట్టు అక్కడే వదిలి లోపలికి పోయేవాళ్లు. కుక్కలు మొరిగేవి కావు. ఒక కుక్క నా వంక చూసి, లేచి, నెమ్మదిగా ఇంటి వెనక్కి పోయింది. కుక్క కూడా నన్ను చావు కబురు అనుకుందంటే అవమానంగానే ఉంటుంది.

ఒక ఆదివారం నేను దాటి పోయిన సాయంత్రమే ఆ పల్లెలో ఒక పెద్దాయన పోయాడు. ఆయన చాలా ఏళ్లుగా మంచంలోనే ఉన్నాడు. అయినా ఆ చావు నా ఖాతాలోనే పడింది. తర్వాతి వారం గడపల మీద వేపమండలు వేలాడాయి. రోడ్డుకు అడ్డంగా ఎవరో బూడిద గీత గీశారు. దాన్ని తొక్కాలా, దూకాలా తెలియక పక్కన మట్టిలోంచి చుట్టూ తిరిగి పోయాను. అట్లా చుట్టూ తిరిగి పోవడం అన్నిటికన్నా చెడ్డదని తర్వాత తెలిసింది.

ఆ పల్లెలో టీ అంగడాయన ఒక్కడే నాతో మాట్లాడేవాడు. ఊరికంతా ఫోను కూడా ఆయన అంగట్లోనే. బెంగుళూరులో కూలికి పోయిన పిల్లలందరూ ఆ ఫోనుకే చేసేవాళ్లు. ఈయన కేకేస్తే తల్లులు పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఒక పొద్దున నన్ను ఆపి, గ్లాసు తుడుస్తూ గొంతు తగ్గించాడు.

"ఏమప్పా, రొంత వేరే దావన పోరాదా?"

"పెనుకొండకు వేరే దావ యాడుండాదన్నా?"

"అది నిజమేలే." గ్లాసు ఇంకోసారి తుడిచాడు. "నువ్వు తిరగబట్టినాక ఫోను గూడా మోగలేదు. ముందు వారానికి పదిమందివి వస్తాండె. ఇప్పుడు ఒక్క పిల్లోడూ పలకడు. ఆడోళ్లు వచ్చి దాన్ని చూసి చూసి పోతాండారు."

నేను కూడా ఫోనువైపు చూశాను. గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ కింద ఏదో పడుకుని ఉన్నట్టు ఉంది. ఒక ఊరి పిల్లలందరూ ఒకేసారి ఎందుకు మాట్లాడటం మానేస్తారు? ఆ ప్రశ్న పరిగెత్తుతున్నంతసేపూ నా వెనకే వచ్చింది. ఈసారి జేబులో తాళంచెవులు లేవు.

వానలు రావాల్సిన కాలంలో రాలేదు. వేరుశనగ ఎండింది. అంగట్లో విత్తనాలు కొన్నవాళ్లు వచ్చి నన్ను చూసి, ఖాళీ సంచి దులిపి వెళ్లేవాళ్లు. ఆదివారం పల్లెలో తలుపులు, సోమవారం అంగట్లో మొహాలు. రెండు చోట్లా నా పాత్ర ఒకటే. పరుగు మాత్రం ఆగలేదు. నెమ్మదిగా పెనుకొండ దాకా చేరాను. బస్సులో వెనక్కి వచ్చేటప్పుడు కిటికీలోంచి అదే దారి చూస్తే, ఆ దారిన పరిగెత్తింది నేను కాదేమో అనిపించేది. కండక్టరు టికెట్ అడిగినప్పుడు నేనే అని తేలేది.

మళ్లీ చలి మొదలైంది. యేడాది పూర్తవడానికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. ఒక శనివారం దగ్గర చుట్టాల పెళ్లి. ఓళిగలు, అంటే బొబ్బట్లు, వాటి విషయంలో నేను నిగ్రహం చూపించలేదు. నెయ్యి, ఓళిగ, పైన పాలు. మళ్లీ ఓళిగ. ఆదివారం పొద్దున పల్లె చేరేసరికి కడుపులో ఎవరో మగ్గం నేస్తున్నట్టు ఉంది. అవ్వ చెంబు చాచింది.

వద్దన్నట్టు చెయ్యి ఊపాను. నోరు తెరిస్తే ఏమవుతుందో నాకే తెలియదు కాబట్టి ఏమీ చెప్పలేదు. ఆగకుండా ముందుకు పోయాను.

కొంచెం దూరం పోయాక వెనక్కి చూశాను. అవ్వ తిరగలేదు. నేను ఎక్కడ నిలబడి ఉండాల్సిందో అక్కడికి చెంబు చాచి అట్లాగే నిలబడి ఉంది. మంచు ఆమె చెయ్యిదాకా వచ్చింది. చెంబు ఒక్కటే గాలిలో ఉన్నట్టు కనిపించింది.

కోపం వచ్చినట్టుంది అనుకుని, పొదలున్న చోటు వెతుక్కున్నాను.

తర్వాతి ఆదివారం పల్లెలో ఏ తలుపూ మూసుకోలేదు. అన్నీ తెరిచే ఉన్నాయి. ఇళ్లలో ఎవరూ లేరు. అందరూ అవ్వ ఇంటి ముందు ఉన్నారు. నేను మంచులోంచి బయటపడగానే కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. ఎక్కడో ఒక బొగ్గులపొయ్యి చిటపటమంది. అంతే. అంతమంది మనుషులు అంత నిశ్శబ్దంగా నన్ను చూడటం నాకు అలవాటు లేదు. మా అంగట్లో కూడా బాకీ గొడవలు వస్తాయి గానీ, అక్కడ కనీసం తిడతారు.

అవ్వ పెద్దకొడుకు ముందుకొచ్చాడు. తలకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడన్నా చెప్పప్పా. ఎట్ల పోయినాడు?"

"ఎవురన్నా?"

"మా తమ్ముడు."

"నాకు మీ తమ్ముడు ఎవరో కూడా తెలీదన్నా!"

"మరి మజ్జిగ యాలా తాగలే?"

అప్పుడు అర్థమైంది. నా అంతట నాకు కాదు, ఒక్కరొక్కరే చెప్పగా చెప్పగా అర్థమైంది. చావు కబురు తెచ్చినవాడు ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ముట్టాడంటే కబురు లేనట్టు. చెప్పడానికి నోరు రానివాడు కూడా, ఇచ్చిన నీళ్లు తాగకుండా చెయ్యి ఊపి పోతాడు. అదే కబురు. అవ్వ ఇన్ని నెలలూ నాకు ప్రేమతో మజ్జిగ పోయలేదు. పరీక్ష పెట్టింది. నేను గుక్క గుక్కకూ ఆమె కొడుకును బతికిస్తూ వచ్చాను. పుల్లగా ఉందని ఒకటి రెండుసార్లు సగం చెంబు వదిలేసిన వారాలు కూడా ఉన్నాయి. ఆ వారాలు ఆమె ఎట్లా గడిపిందో.

"కడుపు బాగలేదన్నా" అన్నాను.

"కడుపా?"

"పెళ్లిలో ఓళిగలు తిన్నా. శానా."

ఎవరూ నవ్వలేదు. ఒక్కరంటే ఒక్కరు. ఒక మనిషి చావుబతుకులు ఓళిగల మీద ఆధారపడి ఉన్నాయని ఒప్పుకోవడానికి వాళ్లు సిద్ధంగా లేరు.

అవ్వ లోపలి నుంచి వచ్చింది. వారంలో ఆమె చిన్నదైపోయింది. చెంబు చాచింది. అందరి ముందూ గటగటా తాగి, తిరగేసి చూపించాను. ఆమె నా గొంతువైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు మొగమాటానికి తాగినావు నాయనా."

అంతలో వెనక నుంచి ఒకాయన గొంతు సవరించుకున్నాడు. గొర్రెలు కొనడానికి ఊళ్లు తిరిగే మనిషి. "చెప్పకూడదనుకుంటి. ఎండాకాలంలో రైల్లో పోతా ధర్మవరం స్టేషన్లో చూసినా. స్తంభం పక్కన నిలబడుండాడు. పేరు పెట్టి పిలిస్తి. నన్నే చూసినాడు. పలకలే. స్తంభం ఎనక్కి పోయినాడు. మళ్లా కానరాలే. ఆ పొద్దు నుంచి నాకు చలిజరం."

జనం గుసగుసలాడారు. బెంగుళూరు పోయినవాడు ధర్మవరంలో ఎందుకుంటాడు? పిలిస్తే ఎందుకు పలకడు? ఒక ముసలాయన అందరి మనసులోని మాటను బయటికి అనేశాడు. "అది మనిషి గాదులే."

"చేతిలో ఏమన్నా ఉండెనా అన్నా?" అన్నాను.

"అన్నం క్యారియరుండె."

"దయ్యానికి క్యారియరెందుకు?"

ఆయన ఆలోచించాడు. మిగతావాళ్లు కూడా ఆలోచించారు. తేల్చుకోలేకపోయారు.

"రేపే రైలెక్కి పోయి చూసొస్తా" అన్నాను.

"రైల్లో గాదు" అంది అవ్వ. "కబురు తెచ్చేవాడు పరిగెత్తి పోవల్ల. నువ్వే ఈ పని పట్టినావు. నువ్వే ముగించు."

"నేను పోతా అమ్మా" అన్నాడు పెద్దకొడుకు.

"ఇంటోళ్లు ఎదురుపోయి చావును తెచ్చుకోకూడదు. గమ్మునుండు." నావైపు తిరిగింది. "నువ్వు తిరిగొచ్చి ఈ వాకిట్లో తాగేదాకా నేను సంగటి ముట్టను."

బేరమాడాను. పెనుకొండ దాకా బస్సు, అక్కడి నుంచి పరుగు. ఎట్లాగూ యేడాది చివర ఆ పరుగే అనుకున్నాను కదా, కొన్ని వారాలు ముందుకు జరిగింది, అంతే. అవ్వ ఒప్పుకుంది.

అంగడి యజమానిని సెలవు అడిగాను.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఇంకా తెలియదండీ. కనుక్కోవడానికే పోతున్నాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. సెలవు ఇచ్చాడు.

సోమవారం మొదటి బస్సుకు పెనుకొండ చేరాను. కొండ నీడ ఊరి మీద ఇంకా కదలలేదు. పాత కోటగోడల్లో ఉన్న ఖాళీల్లోంచి పొద్దు కొంచెం కొంచెంగా కారుతోంది. ఉత్తరంగా బయల్దేరాను. ఆ పొద్దు మొదటిసారి నేను నిజంగా ఒక కబురు కోసం పరిగెత్తాను. అది తెలిసినట్టు కాళ్లు బరువెక్కాయి. రోడ్డు మీద ఎవరూ లేరు. పక్కన ఎండిన చేలల్లో ఒక దిష్టిబొమ్మ చొక్కా గాలికి ఊగుతుంటే, అది నాతోపాటే పరిగెత్తుతున్నట్టు ఉంది. దాన్ని దాటాక ఇంకోటి. దాన్ని దాటాక ఇంకోటి. అన్నీ చేతులు చాచే ఉన్నాయి. ఏ చేతిలోనూ చెంబు లేదు.

ఒక లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఎవురప్పా పోయింది?"

"పోయినాడో లేదో కనుక్కునేదానికే పోతాండా."

లిఫ్టు ఇద్దామని ఆగినట్టుంది. నా జవాబు విని గేరు వేసి, పోయినంత వేగంగా పోయాడు.

ఒక్కబిగిన పరిగెత్తాను అని రాస్తే బాగుంటుంది. సగం నడిచాను. నడిచిన సగంలో కొంత కుంటుకుంటూ. నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. ధర్మవరం చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నాలుక చెక్కముక్కలా ఉంది. స్టేషను దగ్గర టీ బండి అతణ్ణి సైగలతోనూ మూలుగులతోనూ అడిగాను. పెనుకొండ వైపు మనిషి, క్యారియరు తీసుకుని తిరిగేవాడు. "ఆ నేతగాళ్ల సందులో ఉండాడు. ఎవురితో మాట్లాడడు" అన్నాడు. నీళ్లు అడగడం మరిచిపోయాను.

ఆ సందంతా మగ్గాలే. రెండు పక్కలా ఇళ్లలోంచి టకటకమని చప్పుడు. సందు మొదట్లో నడిచి ఉండాల్సింది. అలవాటు కొద్దీ పరిగెత్తాను. మొదటి ఇంటి ముందు నుంచి పోగానే ఆ ఇంట్లో మగ్గం ఆగిపోయింది. తర్వాతి ఇంట్లో ఆగింది. ఆ తర్వాతది. నేను పోతున్న కొద్దీ నా వెనక సందు చచ్చిపోతూ వచ్చింది. కిటికీల్లో మొహాలు. ఎవరింటికి పోతాడా అని చూస్తున్న మొహాలు. తమ గడప దాటిపోగానే వదిలిన ఊపిరి కూడా నాకు వినిపించింది. చివరికి ఒకే ఒక మగ్గం చప్పుడు మిగిలింది. సందు చివరి ఇల్లు.

ఆ గుమ్మంలో ఆగాను. ఆ చప్పుడూ ఆగింది.

లోపల చీకటి. గుంటమగ్గం కాబట్టి మనిషి నడుము దాకానే ఉన్నాడు. మిగతా సగం నేలలో ఉంది. అతనికి ముందు నా బూట్లు కనిపించాయి. దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు. నెమ్మదిగా తలెత్తాడు. అవ్వ మొహమే. వయసు తగ్గించి, మీసం పెట్టినట్టు.

"ఎవురప్పా?" అన్నాడు. తర్వాత ఇంకా చిన్నగా, "మా అమ్మనా?"

కాదని చెప్పాలి. ఒక్క మాట. ఊపిరి అందలేదు. నాలుక కదల్లేదు. గుమ్మం పట్టుకుని వంగిపోయి, నోరు తెరిచి నిలబడ్డాను. నేను మాట్లాడకుండా ఉన్న ప్రతి క్షణమూ అతని మొహంలోంచి రక్తం దిగిపోవడం కనిపిస్తోంది. చేతిలోని నాడె, అడ్డపోగు తిప్పే చెక్క, కిందపడి గుంటలోకి దొర్లింది. ఛాతీ కొలిచినాయన చెప్పింది నిజమే. నా ఊపిరి ఒక మనిషికి కావాల్సినంత లేదు.

మూలనున్న కుండవైపు వేలు చూపించాను.

అతను కదల్లేదు. మళ్లీ చూపించాను. గుంటలోంచి పైకి వచ్చి, చెంబు ముంచి, రెండు చేతులతో చాచాడు. చెంబు అంచు మీదుగా నీళ్లు తొణికాయి. తాగడం మొదలుపెట్టాను. అతను నా మొహంవైపు చూడలేదు. గొంతువైపు చూశాడు. గుక్క దిగిన ప్రతిసారీ అతని కళ్లు దానితోపాటే దిగాయి.

చెంబు ఖాళీ అయింది. అతను గుంట అంచున కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. బయట సందులో ఒక మగ్గం మొదలైంది. తర్వాత ఇంకోటి. నేను ఇంకో చెంబు అడిగాను. భావం ఏమీ లేదు, దాహం.

మాట వచ్చాక అడిగాను. "బెంగుళూరంటివి గదన్నా?"

అతను మొహం తుడుచుకుని నేలవైపు చూశాడు. "గొర్రెల కాడ అన్నతో కొట్లాడి, బెంగుళూరు పోయి పెద్దోణ్ణి అయి వస్తానని ఊరంతా చెప్తి. పెనుకొండలో రైలెక్కి పడుకుంటి. లేస్తే ధర్మవరం. బెంగుళూరు రైలు అనుకోని ఎదురు దిక్కు రైలు ఎక్కినా."

"మళ్లా ఎనక్కి పోరాదా?"

"మొగం యాడ పెట్టుకునేదప్పా? స్టేషన్లో మా ఊరాయన పిలిస్తే స్తంభం చాటున దాక్కుంటి." గుంటలోకి వంగి, పడిన నాడె తీసుకున్నాడు. "కోపం దిగేదానికి సంవత్సరం పైనే పట్టె. అప్పుడు ఫోను చేసినా. శానాసార్లు. ప్రతిసారీ ఒక ఆడమనిషి పలుకుతాది. ఈ నంబరు లేదు అంటాది. రొంతసేపు పట్టుకుంటే మళ్లా అదే గొంతు. ఈ నంబరు లేదు. రాన్రానూ మా ఊరే లేదంటాండాదేమో అనిపించె. అమ్మ ఉండాదో లేదో ఎవుర్ని అడిగేది?"

ఇద్దరమూ సాయంత్రం రైలెక్కాం. ఎక్కేముందు ఇది ఎటు పోతుందో ముగ్గుర్ని అడిగి కనుక్కున్నాం. దీపాలు పెట్టే వేళకు పల్లె చేరాం. ఆ వెలుతురులో అవ్వ మోరీ దగ్గర లేచి నిలబడింది. కొడుకును చూసింది. ఏడవలేదు, తాకలేదు. లోపలికి పోయి రెండు చెంబులు తెచ్చింది. అతనికొకటి, నాకొకటి. ముందు నా గొంతు చూసింది. తర్వాత అతని గొంతు చూస్తూ చివరిదాకా కళ్లు ఆర్పలేదు. ఖాళీ చెంబు చేతికొచ్చాక అప్పుడు అతని వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ చప్పుడుకు ఇంటి వెనక నుంచి ఆ కుక్క మొరిగింది. సంగటి తినడానికి అందరం లోపలికి పోయాం.

మాట ప్రకారం యేడాది పూర్తి చేయాలి కాబట్టి, మిగిలిన ఆదివారాలు కూడా పరిగెత్తాను. మొదటి ఆదివారం మంచు దట్టంగా ఉంది. పల్లె మొదట్లో తెల్లచీర లేదు. అవ్వకు ఇక నాతో పనిలేదు. తలుపులు మూసుకుంటాయేమో అనుకున్నాను. మంచు కొంచెం పక్కకు తొలిగితే కనిపించింది. రోడ్డు పొడుగునా, రెండు పక్కలా, ప్రతి ఇంటి ముందూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ప్రతి ఒక్కరి చేతిలో ఒక చెంబు. బెంగుళూరు పోయి పలకని కొడుకులున్న తల్లులందరూ. ఎవరూ పిలవలేదు. చేతులు చాచి, నా గొంతువైపు చూస్తూ నిలబడ్డారు.

అన్నీ తాగాను. పరుగు మాట అటుంచి, ఊరు దాటేసరికి నడవడం కూడా చేతకాలేదు. టీ అంగడి బల్ల మీద కూలబడ్డాను. ఫోను మీద గుడ్డ అట్లాగే ఉంది. ఆ గుడ్డ తీసి నంబరు కోసం వెతికాను. అంగడాయన పాత నంబరునే గోడ మీద ఎర్రరంగుతో పెద్దగా రాసుకున్నాడు. పిల్లలందరి దగ్గరా ఉన్నదీ అదే. మా విత్తనాల అంగట్లో ఆ యేడే నేను బోర్డు మార్చి రాయించాను కాబట్టి సంగతి నాకు తెలుసు. మా పక్క ఫోను నంబర్లన్నీ మారాయి. పాత నంబరుకు ముందు రెండు అనే అంకె ఒకటి చేర్చి చేయాలి. చేర్చకపోతే ఒక ఆడమనిషి గొంతు పలికి, ఈ నంబరు లేదు అంటుంది.